చెత్త సేకరణ కంపెనీలో వెట్టి లేదని సంతకం పెట్టాలి, నిజంగా తనిఖీ చేయడం ఎలా?

పొడిచెత్త_బెజవాడ (చర్చ మొదలుపెట్టినవారు) | సోమవారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. విజయవాడలో ఒక చిన్న చెత్త సేకరణ కంపెనీలో అడ్మిన్, హెచ్‌ఆర్, అకౌంట్స్ అన్నీ నేనే చూస్తాను. అపార్టుమెంట్లు, హోటళ్లు, ఫంక్షన్ హాళ్ల నుంచి పొడి చెత్త తెచ్చి, షెడ్డులో వేరు చేసి, బేళ్లు కట్టి అమ్ముతాం. మా సొంత సరుకు చాలదు కాబట్టి సింగ్‌నగర్, పాయకాపురం, భవానీపురం వైపు పాత సామాన్ల కొట్ల నుంచి పెట్ బాటిళ్లు, కవర్లు కూడా కొంటాం. షెడ్డులో మనుషుల్ని మేస్త్రీ తెస్తాడు.

ఇప్పుడు మా బేళ్లు కొనే పెద్ద కంపెనీ ఒక ఫారం పంపింది. సప్లయ్ చెయిన్‌లో ఆధునిక బానిసత్వం లేకుండా ఏం చర్యలు తీసుకుంటున్నారో రాయాలట. మా ఓనర్ గారేమో "నెట్‌లో ఏదో పాలసీ దొరుకుతుంది, పేరు మార్చి శుక్రవారం కల్లా పంపేయ్" అన్నారు. పాలసీ రాయడం గంట పని. కానీ చివర్లో "మేము స్వయంగా తనిఖీ చేశాము" అని ఒక గడి ఉంది. అక్కడ సంతకం నాది. తనిఖీ అంటే ఎక్కడ మొదలుపెట్టాలి, ఏం చూడాలి? చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

గుంటూరు_ఘాటు | సోమవారం, రాత్రి 10:05

ఈ రోజుల్లో బానిసత్వం ఏంటి బ్రో, మనోళ్లు గొలుసులేసి పని చేయిస్తున్నారా? ఫారినోళ్లకి ఏటా ఒక కొత్త ఫారం. టిక్ పెట్టి పంపేయ్, ఎవరూ చదవరు.

కాలవగట్టు_అక్క | సోమవారం, రాత్రి 10:31

చదవకపోయినా సంతకం మిగిలే ఉంటుంది తమ్ముడూ.

పొడిచెత్త గారూ, నేను చెత్త ఏరే కుటుంబాల మధ్య చాలాకాలంగా పనిచేస్తున్నాను. మీ షెడ్డు తర్వాత చూద్దురుగాని, ముందు మీరు సరుకు కొనే కొట్లకి వెళ్లండి. కాటా పక్కన ఒక పొడుగాటి ఖాతా పుస్తకం ఉంటుంది. ఒక్కో కుటుంబానికి ఒక్కో పేజీ. పైన అడ్వాన్స్ రాసి ఉంటుంది, 8 వేలో, 15 వేలో. కింద రోజువారీ తూకం. తూకంలోంచి తరుగు తీసేస్తారు. మిగిలినదానికి రేటు కడతారు, అందులో కొంత బాకీకి జమ వేసుకుని మిగిలింది చేతిలో పెడతారు. నేను చూసిన ఒక పేజీలో ప్రతి తూకానికీ తరుగు ఒకటే అంకె. వాన పడినా, ఎండ కాసినా, గోతాం పెద్దదైనా చిన్నదైనా అదే. బాకీ తగ్గిన చోట మళ్లీ పండక్కి, ఆసుపత్రికి కొత్త పద్దు. బయట బాటిళ్లు కిలో 30 పలుకుతుంటే ఆ పేజీలో 20.

"పక్క కొట్లో ఎక్కువిస్తున్నారుగా, అక్కడ అమ్మొచ్చుగా" అని అడిగితే ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "బాకీ ఉందిగా" అంది, అంతే. మీ ఫారం అడుగుతున్నది దీని గురించే.

రిటైర్డ్_ఏఎల్‌వో | మంగళవారం, ఉదయం 6:18

అక్క గారు చెప్పిన పేజీకి చట్టంలో చోటుంది, అది చాలామందికి తెలియదు. వెట్టిచాకిరీ వ్యవస్థ రద్దు చట్టం, 1976. వెట్టి అనగానే ఇటుక బట్టీ, రైస్ మిల్లు, గదిలో పెట్టి తాళం వేయడం గుర్తొస్తాయి. కానీ సెక్షన్ 2(జి)లో నాలుగు రకాలు ఉన్నాయి. అప్పు తీసుకున్న మనిషి దానికి బదులుగా నామమాత్రపు కూలికి పనిచేయడం ఒకటి. వేరే పనికి వెళ్లే స్వేచ్ఛ పోగొట్టుకోవడం రెండు. దేశంలో ఎక్కడికైనా వెళ్లే హక్కు పోగొట్టుకోవడం మూడు. నాలుగోది, తన వస్తువునో తన శ్రమతో వచ్చిన సరుకునో మార్కెట్ ధరకి అమ్ముకునే హక్కు పోగొట్టుకోవడం. ఈ నాలుగులో ఏ ఒక్కటున్నా చాలు.

చెత్త ఏరి తెచ్చిన బాటిళ్లు ఆ కుటుంబం శ్రమే కదా. అడ్వాన్స్ ఉంది కాబట్టి నాకే అమ్మాలి, నేను చెప్పిన రేటుకే అమ్మాలి అంటే నాలుగో రకం కిందికి వస్తుంది. అలాంటి అప్పు సెక్షన్ 6 ప్రకారం చెల్లదు, సెక్షన్ 9 ప్రకారం వసూలు చేయడమే నేరం. "ఇది వెట్టి అప్పు కాదు" అని రుజువు చేసుకోవాల్సింది అప్పిచ్చినవాడే, సెక్షన్ 15. శిక్ష 3 ఏళ్ల వరకు జైలు, 2 వేల వరకు జరిమానా. ఆ 2 వేలు 1976 నాటి అంకె, ఇప్పటికీ అలాగే ఉంది, ఏం చేస్తాం. బాధితులు ఎస్సీ, ఎస్టీలైతే అట్రాసిటీ చట్టం సెక్షన్ 3(1)(హెచ్) కూడా పడుతుంది, అది 6 నెలల నుంచి 5 ఏళ్లు. మన వైపు ఈ పనిలో ఎస్టీలైన యానాది కుటుంబాలు ఎన్ని ఉన్నాయో నేను చెప్పక్కర్లేదు.

2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి కదా, పాత చట్టాలు పోయాయి అనేవాళ్లుంటారు. ఈ చట్టం ఆ నాలుగు కోడ్‌లలో కలవలేదు. విడిగానే ఉంది.

గుంటూరు_ఘాటు | మంగళవారం, ఉదయం 8:50

సార్, అలా అయితే అడ్వాన్స్ ఇచ్చే ప్రతి కొట్టువాడూ జైలుకేనా? సగం బెజవాడ లోపలుంటుంది.

రిటైర్డ్_ఏఎల్‌వో | మంగళవారం, ఉదయం 9:14

అడ్వాన్స్ ఇవ్వడం నేరం కాదు బాబూ. అడ్వాన్స్ పెట్టి మనిషిని కట్టేయడం నేరం. అయితే కోర్టు చూసే చూపు మనం అనుకున్నదానికంటే విశాలం. 1982లో ఆసియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడలు) నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు, కనీస వేతనం కంటే తక్కువకి పనిచేయించుకోవడం కూడా రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన బలవంతపు చాకిరీయే అంది. ఆకలి, పేదరికం కూడా ఒక బలవంతమే అని ఆ తీర్పు సారం.

కాటా_బాబాయ్ | మంగళవారం, మధ్యాహ్నం 2:27

అందరివీ చదువుతున్నా. నాకు పాత సామాన్ల కొట్టు ఉంది, ఎక్కడో చెప్పను. అడ్వాన్స్ ఇచ్చేవాడు దొంగ అన్నట్టు మాట్లాడుతున్నారు. రాత్రి పదకొండింటికి పిల్లకి ఫిట్స్ వచ్చాయని పరిగెత్తుకొస్తే ఏ బ్యాంకు తలుపు తీస్తుందండీ? ఆధార్ ఒక ఊళ్లో, కాపురం కాలవగట్టు మీద. పెళ్లికైనా మేమే, చావుకైనా మేమే. ఇచ్చిన డబ్బు పట్టుకుని పక్క కొట్టుకి పోతే నేను ఎవర్ని అడగాలి? నేను తెచ్చిన డబ్బుకి నా నెత్తిన వడ్డీ పడట్లేదా?

తరుగు అంటారు. వానాకాలం గోతాంలో మట్టి, నీళ్లు, సీసాలో సగం మిగిలిన కూల్‌డ్రింకు. దానికి కూడా నేనే రేటు కట్టాలా?

ఇంకో మాట. ఆ పొడిచెత్త గారి లాంటి కంపెనీలు నా సరుకు ఇవాళ పట్టుకెళ్లి డబ్బు నెలన్నరకి ఇస్తాయి. ఏరేవాళ్లకి మాత్రం నేను సాయంత్రానికి చేతిలో పెట్టాలి. మధ్యలో ఆ డబ్బు ఎక్కడ నుంచి వస్తుందో ఒక్క ఫారంలోనైనా అడిగారా?

కాలవగట్టు_అక్క | మంగళవారం, రాత్రి 8:03

బాబాయ్, మీరు లేకపోతే ఆ రాత్రి ఆ పిల్ల గతేమిటో నాకూ తెలుసు. అందులో వాదన లేదు. ఒక్కటి అడుగుతా. మీ దగ్గర 10 వేలు తీసుకున్న ఆమె, ఎక్కువ రేటొచ్చే చోట సరుకు అమ్ముకుని, వారానికి 300 చొప్పున మీ బాకీ తెచ్చి కడతానంటే ఒప్పుకుంటారా?

కాటా_బాబాయ్ | మంగళవారం, రాత్రి 8:40

నమ్మకమున్న ఇద్దరు ముగ్గురికి ఒప్పుకుంటా. అందరికీ ఒప్పుకోను. ఉన్నమాట చెప్పాను.

బర్మింగ్‌హామ్_బెజవాడోడు | బుధవారం, తెల్లవారుజామున 3:12

మాది పటమట, ఇక్కడ ఇంగ్లండ్‌లో రీసైక్లింగ్ రంగంలోనే ఉద్యోగం. "ఫారినోళ్లకి ఏటా ఒక కొత్త ఫారం" అన్న మిత్రుడికి ఒక సంగతి. ఈ ఫారాలు ఇక్కడ ఉత్తినే పుట్టలేదు. మా వెస్ట్ మిడ్‌లాండ్స్‌లో ఆపరేషన్ ఫోర్ట్ అని ఒక పెద్ద కేసు జరిగింది. పోలండ్ నుంచి ఇల్లూ వాకిలీ లేనివాళ్లని, జైలు నుంచి వచ్చినవాళ్లని, తాగుడికి అలవాటుపడ్డవాళ్లని మంచి పని ఇప్పిస్తామని తెచ్చారు. ఇరుకు ఇళ్లలో కుక్కి, చెత్త రీసైక్లింగ్ కేంద్రాల్లో, పొలాల్లో, టర్కీ కోళ్లు శుభ్రం చేసే ఫ్యాక్టరీల్లో పని చేయించారు. బాధితులు 400 మందికి పైనే ఉంటారని అంచనా. 2019లో కేసు వివరాలు బయటకొచ్చాయి, ఎనిమిది మందికి శిక్ష పడింది.

ఆ రీసైక్లింగ్ కంపెనీలు జీతాలు లేబర్ ఏజెన్సీల ద్వారా కట్టాయి. జీతం బాధితుల పేరు మీద తెరిచిన బ్యాంకు ఖాతాల్లో పడింది. కార్డులు మాత్రం ముఠా దగ్గర ఉన్నాయి. కాగితం మీద చూస్తే అంతా శుభ్రం.

2015 మోడర్న్ స్లేవరీ యాక్ట్, సెక్షన్ 54 ప్రకారం ఇక్కడ ఏడాదికి 3.6 కోట్ల పౌండ్ల టర్నోవర్ దాటిన కంపెనీ ప్రతి ఏడూ ఒక ప్రకటన ఇవ్వాలి. బోర్డు ఆమోదించాలి, డైరెక్టర్ సంతకం పెట్టాలి, వెబ్‌సైట్ మొదటి పేజీలో లింకు ఉండాలి. "మేం ఏ చర్యలూ తీసుకోలేదు" అని ప్రకటించినా చట్టం ఒప్పుకుంటుంది, అది దాని లోపం. అయినా ఆ వాక్యం తమ వెబ్‌సైట్‌లో పెట్టుకోవడానికి ఏ కంపెనీ ఇష్టపడదు కాబట్టి ఫారాలు కింది దాకా వస్తున్నాయి.

పొడిచెత్త గారూ, మీ షెడ్డులో ఏటీఎం కార్డులు ఎవరి జేబులో ఉన్నాయో ముందు చూడండి.

బ్యాలెన్స్‌షీట్_భారతీయుడు | బుధవారం, ఉదయం 10:20

మన దగ్గరా ఉందండీ. స్టాక్ మార్కెట్‌ని చూసే సెబీ రూలు ప్రకారం మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి బీఆర్‌ఎస్‌ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత) నివేదిక తప్పనిసరిగా ఇవ్వాలి. అందులో ఐదో సూత్రం మానవ హక్కులు. బాల కార్మికులు, బలవంతపు చాకిరీ గురించి ప్రశ్నలు అక్కడే ఉంటాయి. మీ బేళ్లు కొనేవాళ్లు ఆ జాబితాలోనో, ఆ జాబితాలోని వాళ్లకి సరుకిస్తూనో ఉండి ఉంటారు.

పొడిచెత్త_బెజవాడ | బుధవారం, రాత్రి 9:55

బర్మింగ్‌హామ్ అన్నా, మీ మాట చదివి పొద్దున్నే షెడ్డుకి వెళ్లాను. మాకు మనుషుల్ని తెచ్చే మేస్త్రీ టేబుల్ సొరుగులో కార్డులు రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి. ఒక్కో కార్డుకీ తెల్ల ప్లాస్టర్ ముక్క, దాని మీద పేరు, పిన్ నంబరు. అడిగితే ఏమాత్రం తడబడలేదు. "వాళ్లకి మిషన్ రాదు సార్, నేనే తీసి ఇస్తాను, అడ్వాన్స్ పట్టుకుని మిగతాది ఇస్తా" అన్నాడు. జీతాలన్నీ బ్యాంకులోనే వేస్తున్నాం అని మా ఓనర్ గారు గర్వంగా చెప్పుకునేది ఆ ఖాతాల గురించే.

టీ కొట్టు దగ్గర ఒరిస్సా అబ్బాయి ఒకడితో నా వచ్చీరాని హిందీలో మాట్లాడాను. అడ్వాన్స్ ఎంతో చెప్పాడు. ఇంకా ఎంత మిగిలిందో మాత్రం తెలియదు, మేస్త్రీకి తెలుసట.

టెన్షన్‌గా ఉంది. ఇప్పుడు ఏం చేయాలి? మేస్త్రీని తీసేయనా?

చలానా_చారి | గురువారం, ఉదయం 7:45

తొందరపడకండి. పీఎఫ్, ఈఎస్‌ఐ కన్సల్టెంటుగా చెప్తున్నా. తీసేస్తే అతను ఆ మనుషుల్ని, కార్డుల్ని, బాకీల్ని ఎత్తుకుని ఇంకో షెడ్డుకి పోతాడు. మీ ఫారం శుభ్రం, వాళ్ల బతుకు అదే.

ముందు మీరు మేస్త్రీకి ఎంతిస్తున్నారో లెక్క తీయండి. ఉదాహరణకి ఒక మనిషి జీతం 15,000 అనుకుందాం. యజమాని వాటా పీఎఫ్ ఛార్జీలతో కలిపి 13%, అంటే 1,950. ఈఎస్‌ఐ 3.25%, 487.50. బోనస్ 8.33%, సుమారు 1,250. ఇక్కడికే 18,687 దాటింది. సెలవు జీతం, గ్లౌజులు, బూట్లు, మేస్త్రీ కమీషన్ ఇంకా కలపలేదు. మీరు తలకి 16,500 చొప్పున కాంట్రాక్ట్ ఇచ్చి "చట్టప్రకారం ఇవ్వు" అంటే ఆ తేడా ఎవరి ఒంట్లోంచి వస్తుంది? టెండర్లలో ఎల్1 (అందరికంటే తక్కువ కోట్) అని సంబరపడే ప్రతిచోటా నేను చూసేది ఇదే.

తర్వాత ప్రతి నెలా ఈసీఆర్ (పీఎఫ్ నెలవారీ రిటర్ను) తీసుకోండి, ఉత్త చలానా కాదు. చలానాలో మొత్తం డబ్బే ఉంటుంది, ఈసీఆర్‌లో పేర్లుంటాయి. ఆ పేర్లని మీ గేటు హాజరుతో పోల్చండి. షెడ్డులో 30 మంది ఉండి ఈసీఆర్‌లో 18 పేర్లుంటే ఆ 12 మంది ఎవరో కనుక్కోండి. వాళ్లలో పద్దెనిమిది నిండని వాళ్లు తేలినా ఆశ్చర్యం లేదు. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే కట్టాల్సింది ప్రధాన యజమానే అని 1970 కాంట్రాక్ట్ లేబర్ చట్టంలో ఉండేది, కొత్త కోడ్‌లోనూ ఉంది. జీతం నెల తిరిగాక ఏడో తేదీలోపు పడాలి, కోతలన్నీ కలిపినా సగం దాటకూడదు.

పుష్‌కార్ట్_యూనియన్ | గురువారం, మధ్యాహ్నం 1:10

మేం మున్సిపాలిటీ అవుట్‌సోర్సింగ్ కార్మికులం. 2023 డిసెంబరు చివర్లో రాష్ట్రమంతా సమ్మె చేశాం, అందరికీ గుర్తుండే ఉంటుంది. మాకు యూనియన్ ఉంది కాబట్టి కనీసం రోడ్డు మీదికి రాగలిగాం. షెడ్డుల్లో వాళ్లకి ఆ దిక్కు కూడా లేదు. తనిఖీ చేసేటప్పుడు మేస్త్రీని పక్కన పెట్టుకుని "బాగున్నావా, ఇబ్బంది ఏమైనా ఉందా" అని అడిగితే "బాగున్నా సార్" అనే అంటారు. పని దిగాక, షెడ్డు బయట, వాళ్ల భాష వచ్చినవాళ్లతో అడిగించండి. ఆడవాళ్లని ఆడవాళ్లే అడగాలి. ఒక్కడినే పిలిచి మాట్లాడితే రాత్రికి వాడి పని అయిపోతుంది. పదిమందితో మాట్లాడండి, ఎవరేం చెప్పారో తెలియకుండా ఉంటుంది.

రిటైర్డ్_ఏఎల్‌వో | గురువారం, సాయంత్రం 5:36

ఆ ఒరిస్సా అబ్బాయి విషయంలో రెండు ప్రశ్నలు మిగిలాయి. ఊరెళ్తానంటే వెళ్లనిస్తున్నారా? ఆధార్ కార్డు అతని దగ్గరే ఉందా? వెళ్లనివ్వకపోయినా, కొట్టినా, రాత్రిళ్లు తాళం వేస్తున్నా ఇక కంపెనీ స్థాయిలో సర్దుబాటు మాట ఎత్తకండి. 112కి గానీ నేరుగా సబ్‌కలెక్టర్‌కి గానీ చెప్పండి. పిల్లలుంటే 1098. ఉచిత న్యాయ సహాయం 15100. జిల్లాలో, డివిజన్‌లో విజిలెన్స్ కమిటీలు ఉండాలని 1976 చట్టంలోనే ఉంది.

వెట్టి అని తేలితే విడుదల పత్రం ఇస్తారు. అది చాలా ముఖ్యం, బాకీ పోయిందన్న రుజువు అదే. 2016 కేంద్ర పథకం కింద పునరావాసం మగవాళ్లకి లక్ష, ఆడవాళ్లకి, పిల్లలకి 2 లక్షలు, మరీ ఘోరమైన కేసుల్లో 3 లక్షలు. అయితే ఆ మొత్తం చేతికి రావాలంటే నిందితుడికి శిక్ష పడాలి, అందుకే ఏళ్లు పడుతుంది. తక్షణ సాయం మాత్రం కేసుతో సంబంధం లేకుండా 30 వేల వరకు ఇవ్వొచ్చు, ఆ డబ్బు కలెక్టర్ దగ్గర నిధిలోనే ఉంటుంది. అర్జీలో ఇది విడిగా అడగండి, అడగకపోతే ఎవరూ గుర్తు చేయరు.

పొడిచెత్త_బెజవాడ | శుక్రవారం, రాత్రి 10:48

ఆ అబ్బాయి ఆధార్ అతని దగ్గరే ఉంది. పండక్కి ఊరెళ్లి వచ్చాడట కూడా, తాళాలు అవీ లేవు. నిన్న రాత్రి నేనూ మా ఆఫీసులో క్లీనింగ్ చేసే ఒడియా అక్కా కలిసి చాలామందితో మాట్లాడాం. కార్డులు ఎవరివి వాళ్లకి ఇప్పించాను, పిన్‌లు మార్పించాను. అడ్వాన్సుల లెక్క మేస్త్రీ పుస్తకంలోంచి కంపెనీ రిజిస్టర్‌లోకి ఎక్కిస్తున్నాం. ప్రతి మనిషికీ ఒక చిన్న అట్ట కార్డు ఉంటుంది, ఎంత తీసుకున్నారు, ఎంత తీరింది అని. మేస్త్రీ మొహం మాడ్చుకున్నాడు, కానీ వెళ్లలేదు. చారి గారి లెక్క ప్రకారం చూస్తే అతనికిచ్చే రేటే తక్కువ, అది ఓనర్ గారి ముందు పెట్టాను. చూసి "తర్వాత మాట్లాడదాం" అన్నారు.

ఫారంలో ఉన్నది ఉన్నట్టు రాశాను. తనిఖీ చేశాం, కార్డుల సమస్య దొరికింది, సరిచేశాం, జీతం రేటు పెండింగ్, కొట్ల తనిఖీ ఇంకా మొదలుపెట్టలేదు అని. కొట్ల దగ్గరే నాకు దారి తోచట్లేదు. కాటా బాబాయ్ లాంటివాళ్లకి "అడ్వాన్స్ ఉన్నా ఎక్కడైనా అమ్ముకోవచ్చు" అని రాసివ్వమంటే రాసిస్తారా?

కాటా_బాబాయ్ | శుక్రవారం, రాత్రి 11:20

రాసిస్తాను. ఆ కాగితం మీదే మీరూ ఒక లైను రాయండి, సరుకు ఎత్తిన వారంలోపు డబ్బు అని. నెలన్నర కాదు. తరుగు సంగతి కూడా మీ షెడ్డు కాటా మీదే తేల్చుకుందాం, తడి ఉంటే ఉంది, లేకపోతే లేదు. మీరు వారానికి ఇస్తే నాకు ఫైనాన్సు వాడి దగ్గరకి వెళ్లే పని తప్పుతుంది. అప్పుడు పక్క కొట్లో అమ్ముకున్నా నాకు నిద్ర పడుతుంది.

కాలవగట్టు_అక్క | శనివారం, ఉదయం 7:02

బాబాయ్, ఆ కాగితం ఖాతా పేజీ వెనకాల అంటించండి, ఏరేవాళ్లకి చదివి వినిపించడానికి నేను వస్తాను. రేటు బోర్డు కూడా కాటా పైన పెట్టాలి, పెద్ద అంకెలతో.

పొడిచెత్త_బెజవాడ | శనివారం, మధ్యాహ్నం 12:15

ఓనర్ గారితో ఇప్పుడే మాట్లాడాను. అన్ని కొట్లకీ వారం పేమెంట్ అంటే తన వల్ల కాదన్నారు, మాకు పై కంపెనీ డబ్బు రావడానికే రెండు నెలలు పడుతోందట. ముందు రెండు కొట్లతో మొదలుపెట్టడానికి ఒప్పుకున్నారు. పై కంపెనీకి ఫారం పంపిన మెయిల్‌లోనే, మా బిల్లులు ఎన్ని రోజులకి చెల్లిస్తారో కూడా రాయమని అడిగాను. ఇంకా జవాబు రాలేదు. కాటా బాబాయ్, మీ నంబరు ప్రైవేట్ మెసేజ్‌లో పెట్టండి, మంగళవారం వస్తాను.